బండ నుంచి బట్టీ దాకా: సున్నపురాయిలో భౌతిక, రసాయనిక మార్పులు

తాండూరు క్వారీల్లో సున్నపురాయిని పలకలుగా కోస్తారు, అంచులు సరిచేస్తారు, పాలిష్ పెడతారు. పిడుగురాళ్లలో సున్నపురాయిని ముక్కలు కొట్టి బట్టీలో కాలుస్తారు. రెండుచోట్లా ముడిసరుకులో ప్రధానంగా ఉండేది ఒకటే, కాల్షియం కార్బొనేట్. తాండూరులో లారీకెక్కే బండ, కోతలో ఎగిరే దుమ్ము, పాలిష్ మిషన్ కింద కారే బురద అన్నీ ఇంకా అదే రాయి. పిడుగురాళ్ల బట్టీ నుంచి దిగేది మాత్రం ఆ రాయి కాదు. చూపుకి రాయిలాగే ఉంటుంది, కానీ నీళ్లు పోస్తే కుతకుత ఉడికి, పగిలి, పొడైపోతుంది. మొదటిచోట జరిగింది భౌతిక మార్పు, రెండోచోట జరిగింది రసాయనిక మార్పు.

ఈ తేడాను బడిలో తరచూ ఒక్క ముక్కలో నేర్పుతారు: వెనక్కి తేగలిగితే భౌతిక మార్పు, తేలేకపోతే రసాయనిక మార్పు. మార్కులకు ఇది సరిపోతుందేమో గానీ, పనిలో దిగితే నిలవదు. కోసిన బండ మళ్లీ కొండకు అతుక్కోదు, చించిన కాగితం మళ్లీ ఒకటి కాదు. అయినా రెండూ భౌతిక మార్పులే. అటుపక్క, బట్టీలో కాలిన సున్నం గోడ మీదికెక్కి, కొన్ని నెలల్లో గాలి నుంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అనుమానానికి తావులేని రసాయనిక మార్పు చక్కగా వెనక్కి తిరిగిందన్నమాట. బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాతి ఊడలదీ ఇదే దారి. కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీరు సున్నపురాయిని బైకార్బొనేట్‌గా మార్చి కరిగించుకుపోతుంది. గుహ కప్పు నుంచి చుక్కగా వేలాడేటప్పుడు ఆ వాయువు గాలిలోకి పోయి, రాయి మళ్లీ పేరుకుంటుంది.

కాబట్టి వెనక్కి వస్తుందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఇప్పుడు అక్కడున్న పదార్థం మునుపటిదేనా, కాదా అన్నది ప్రశ్న. నీరు ఆవిరైనా ప్రతి అణువులో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ అలాగే ఉంటాయి. అణువుల మధ్య దూరం పెరిగిందంతే. అదే నీటిలోకి కరెంటు పంపి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడితే అణువు లోపలి బంధాలే తెగుతాయి. ఖర్చులోనూ తేడా కనిపిస్తుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు, మరుగుతున్న కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,260 కిలోజౌళ్లు సరిపోతాయి. కిలో నీటిని మూలకాలుగా విడగొట్టాలంటే దాదాపు 15,900 కిలోజౌళ్లు కావాలి. అన్ని రసాయనిక చర్యలూ ఇంత ఖరీదైనవి కావు. అయినా అణువులను దూరం జరపడం వేరు, అణువునే తెంచడం వేరు అని ఈ అంకెలు చెబుతాయి.

బట్టీ దగ్గరికి వద్దాం. రాయి వేడెక్కగానే మొదట పోయేది దానిలోని తేమ. వంద డిగ్రీల దగ్గరే పోతుంది, అది భౌతిక మార్పు. అసలు మార్పు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుంది. కాల్షియం కార్బొనేట్ విడిపోయి కాల్షియం ఆక్సైడ్, అంటే పొడిసున్నం మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు వేస్తే దిగేది 56 కిలోలే. మిగతా 44 కిలోలు వాయువుగా వెళ్లిపోయినవే. విచిత్రం ఏమిటంటే, బాగా కాలిన ముక్క ఆకారంలో పెద్దగా తగ్గదు, బరువులో మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. వాయువు పోయిన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. ముక్కను చేత్తో ఎత్తి చూస్తేనే కాలిందో లేదో తెలిసిపోతుంది. సైజుకు తగ్గ తేలిక లేకపోతే లోపల పచ్చిరాయి గుండు మిగిలిందని అర్థం.

తేమ వల్ల పోయిన బరువునూ, రాయి విడిపోవడం వల్ల పోయిన బరువునూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. అందుకే ప్రయోగశాలలో నమూనాను ముందు 105 డిగ్రీల దగ్గర తూకం స్థిరపడేదాకా ఆరబెట్టి తూస్తారు. ఆ తర్వాతే 950–1000 డిగ్రీల కొలిమిలో కాల్చి మళ్లీ తూస్తారు. రెండు తూకాల తేడా 44 శాతానికి ఎంత దగ్గరగా ఉంటే రాయి అంత స్వచ్ఛమైనదని అంచనా. రాయిలో బంకమట్టి, ఇసుకపాలు ఎక్కువైన కొద్దీ ఆ తేడా తగ్గుతుంది. మెగ్నీషియం కార్బొనేట్ పాలు ఎక్కువుంటే మాత్రం 44 దాటుతుంది, ఎందుకంటే అది తన బరువులో 52 శాతం దాకా వాయువుగా పోగొట్టుకుంటుంది.

బట్టీలో జరిగే పొరపాట్లు రెండు రకాలు. ముక్కలు ఒక సైజులో లేకపోతే చిన్నవి మాడిపోయేలోపు పెద్దవి నడిమధ్యలో పచ్చిగా మిగులుతాయి. రెండోది గాలి ఆడకపోవడం. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోకుండా ముక్కల మధ్య నిలిచిపోతే, విడిపోయే చర్య మందగిస్తుంది. వాయువు ఒత్తిడి పెరిగిన కొద్దీ అదే చర్య వెనక్కి తిరగాలని చూస్తుంది కదా. ఇలాంటప్పుడు బట్టీకి ఇంకాస్త బొగ్గు వేయడం చాలామంది చేసే పని. దానివల్ల బయట ఉన్న సున్నం అతిగా కాలి, రంధ్రాలు మూసుకుపోయి, గట్టి గుండుగా మారుతుంది. పదార్థం మారలేదు, అదే కాల్షియం ఆక్సైడ్. రంధ్రాలు మూసుకుపోవడం భౌతిక మార్పే. కానీ దాని నష్టం రసాయనికంగా బయటపడుతుంది: నీళ్లు లోపలికి దూరక, సున్నం నానడానికి గంటల బదులు రోజులూ వారాలూ పడుతుంది.

సున్నం కాలినప్పుడు ఏం జరుగుతుందో 18వ శతాబ్దం మధ్యదాకా తలకిందులుగా అర్థం చేసుకున్నారు. పొడిసున్నానికి ఆ మంట, ఆ ఘాటు బట్టీలోని అగ్ని నుంచి ఏదో దానిలోకి ఎక్కడం వల్ల వచ్చాయనుకునేవారు. స్కాట్లాండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన ప్రయోగాలతో ఈ నమ్మకాన్ని దెబ్బతీశాడు. ఆయన ఆధారపడ్డది త్రాసు మీద. రాయి కాలినప్పుడు ఏదీ ఎక్కలేదు, పోయింది. ఆ పోయిన వాయువును సున్నానికి తిరిగి అందిస్తే మొదటి పదార్థం, మొదటి బరువు తిరిగొస్తాయని చూపాడు. ఆ వాయువునే ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం.

ఇక నీళ్లు పోయడం. పొడిసున్నం 56 కిలోలు 18 కిలోల నీటిని తనలో కలుపుకుని 74 కిలోల తడిసున్నం అవుతుంది. తడిసున్నం అంటే తడిసిన సున్నం అని కాదు. అది కాల్షియం హైడ్రాక్సైడ్ అనే వేరే పదార్థం, పూర్తిగా ఆరిన పొడి రూపంలోనూ సంచుల్లో దొరుకుతుంది. ఆ 18 కిలోల నీరు ఎండబెడితే పోయేది కాదు. దాన్ని విడదీయాలంటే 500 డిగ్రీలు దాటాలి. పైపైన ఉన్న తడి మాత్రం ఎండకే పోతుంది. ఒకే ముద్దలో రెండు రకాల నీరుందని గుర్తుంచుకుంటే ముందు ముందు చాలా తికమకలు తప్పుతాయి.

కిలో పొడిసున్నం నీటితో కలిసేటప్పుడు దాదాపు 1,150 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. 30 డిగ్రీల నీటిని నాలుగు లీటర్ల దాకా మరిగించడానికి ఆ వేడి చాలు. అందుకే సున్నం కుప్ప మీద చెంబుడు నీళ్లు కుమ్మరించకూడదు. తక్కువ నీరు ఒక్కసారిగా ఆవిరై సున్నాన్ని చిమ్ముతుంది. తొట్టెలో ముందు సరిపడా నీళ్లు పోసి, సున్నాన్ని కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి. కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే వేడి కంటే ప్రమాదం దాని క్షారగుణమే. వెంటనే ధారగా నీళ్లతో కనీసం 15–20 నిమిషాలు కడుగుతూ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ప్లాస్టిక్ బకెట్టులో ఈ పని చేస్తే బకెట్టు మెత్తబడి సొట్టపోవడం మామూలే. మెత్తబడడం భౌతికం, దానికి కారణమైన వేడి రసాయనికం.

నానబెట్టిన సున్నాన్ని జల్లెడపట్టి, పైన నీరు నిలిచేలా వారాలూ నెలలూ ఉంచడం డంగు సున్నం పనిలో పాత పద్ధతి. దీని వెనుక ఉన్న లెక్క ఇంతకుముందు చెప్పిన అతిగా కాలిన గుండ్లదే. అవి నానకుండా గార్లోకి వెళ్తే, గోడ మీద ఎప్పుడో తేమ తగిలినప్పుడు నానడం మొదలుపెడతాయి. తడిసున్నం అయ్యేటప్పుడు గుండు ఉబ్బుతుంది, దాని పైనున్న పూతను చిన్న గిన్నె ఆకారంలో ఊడగొడుతుంది. ఆ గుంట నడుమ తెల్లని చుక్క కనిపిస్తే కారణం ఇదే. పైన పుట్టీ పెట్టి కప్పినా లాభం లేదు. గుండును తవ్వి తీయాల్సిందే.

గోడ మీద సున్నం గార గట్టిపడే తీరులోనే భౌతిక, రసాయనిక మార్పులు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. నీరు ఆవిరవడం భౌతిక మార్పు, గంటల్లో, రోజుల్లో అయిపోతుంది. తడిసున్నం కార్బన్ డయాక్సైడ్ తీసుకుని రాయిగా మారడం రసాయనిక మార్పు, పైపొరకు వారాలు, లోపలికి నెలలు పడుతుంది. గాలిలో ఆ వాయువు ఉన్నది 0.04 శాతం చిల్లరే కాబట్టి ఆలస్యం సహజం. పైగా అది పూర్తిగా ఆరిన తడిసున్నంతో నేరుగా కలవదు. రంధ్రాల గోడలకు అంటిన సన్నని నీటిపొరలో కరిగితేనే పని జరుగుతుంది. మే నెల ఎండలో గోడను వదిలేస్తే నీరు ముందే పోతుంది, రసాయనిక మార్పు మధ్యలో ఆగిపోతుంది. గార ఆరినట్టే ఉంటుంది, గోకితే పొడి రాలుతుంది. రోజంతా నీళ్లు కారుస్తూ ఉన్నా తప్పే: రంధ్రాలు నీటితో నిండిపోతే వాయువు లోపలికి చేరదు, ఎందుకంటే నీటిలో అది గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. పలచని పూతలుగా వేసి, గోనెపట్టాలతో నీడ కల్పించి, చెమ్మ తగ్గినప్పుడల్లా చిలకరించాలని పాత మేస్త్రీలు పట్టుబట్టడం ఇందుకే. 1591 నాటి చార్మినార్ మీద ఉన్న నగిషీ పని సున్నం గారే. అలాంటి కట్టడాల మరమ్మతులో తొందర అసలు పనికిరాదు.

గార ఆరిందా, మారిందా అన్నది కంటికి తెలియదు, పసుపుకు తెలుస్తుంది. చిన్న ముక్కను పగలగొట్టి, పగిలిన ముఖం మీద పసుపు నీటి చుక్క వేయండి. ఇంకా తడిసున్నంగా ఉన్న చోట పసుపు ఎర్రబడుతుంది, రాయిగా మారిన చోట పచ్చగానే ఉంటుంది. పెళ్లిలో పారాణి ఎర్రబడేది కూడా ఈ చర్యతోనే. ప్రయోగశాలలో ఇదే పనికి ఫినాఫ్తలీన్ ద్రావణం వాడతారు. మారని భాగం గులాబీ రంగు తేలుతుంది. ముక్కను పగలగొట్టిన వెంటనే చూడాలి. పైపొర మీద వేసి చూస్తే అది ఎప్పుడో మారిపోయి ఉంటుంది కాబట్టి లోపలి సంగతి తెలియదు.

సిమెంటు విషయంలో ‘ఆరింది’ అన్న మాట ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. సిమెంటు ఆరి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. నీటి అడుగున పోసినా గట్టిపడుతుంది. సిమెంటు పూర్తిగా చర్య జరిపితే తన బరువులో దాదాపు 23 శాతం నీటిని రసాయనికంగా కట్టేసుకుంటుంది, అంటే 50 కిలోల బస్తాకు పదకొండున్నర లీటర్లు. అంతకుమించి పోసే నీరు కొంత సన్నని రంధ్రాల్లో పట్టుబడి ఉంటుంది, కొంత కలపడానికి వీలుగా ఉండి తర్వాత ఎగిరిపోతుంది. ఎగిరిపోయిన నీరు వదిలిన ఖాళీలే కాంక్రీటు బలం తగ్గడానికి కారణం కాబట్టి, జారుగా ఉంటుందని నీళ్లు ఎక్కువ పోయడం తప్పు. పోసిన తర్వాత ఎండకు వదిలేస్తే కట్టుబడాల్సిన నీరు కూడా ఎగిరిపోతుంది కాబట్టి, క్యూరింగ్, అంటే తడి ఆరకుండా ఉంచడం, మానడం కూడా తప్పే. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ (బొగ్గు కాలిన సన్నని బూడిద) వంటివి కలిసిన సిమెంటుకు లేదా వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడి ఉంచాలి. వేడి వాతావరణమూ కలిపిన సిమెంటూ రెండూ ఉంటే 14 రోజులు మంచిది. స్లాబు మీద గట్లు కట్టి నీళ్లు నిలపడం ఆ చర్య ఆగకుండా ఉండడానికే.

భౌతిక మార్పు అంటే ‘తేలికపాటి మార్పు’ అన్న అభిప్రాయం ఒకటి పాఠాల నుంచి పాకింది. చౌడు పట్టిన గోడ చూస్తే ఆ భ్రమ తొలగిపోతుంది. నేలలోని ఉప్పులు తేమతో పాటు గోడలోకి ఎగబాకుతాయి. గోడ ముఖం దగ్గర నీరు ఆవిరవుతుంది, ఉప్పు స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఉప్పు ఉప్పుగానే ఉంది, ఇటుక ఇటుకగానే ఉంది. కానీ రంధ్రాల్లో పెరిగే స్ఫటికాలు నెట్టే ఒత్తిడికి ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. ప్రతి వానాకాలం కరిగి, ప్రతి ఎండాకాలం మళ్లీ గడ్డకట్టి, అదే పని తిరిగి చేస్తుంది. రంగు వేసి మూస్తే స్ఫటికాలు రంగు వెనకే పెరిగి దాన్ని పొక్కులుగా లేపుతాయి. కింది నుంచి తేమ రాకుండా చూడడమొక్కటే మందు.

చౌడు గోడ మీద పేరుకున్న తెల్లటి పొరా, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. రెండింటినీ గోకి విడివిడిగా గ్లాసు మంచినీటిలో వేసి కలపండి. నీరు ఆవిరై మిగిల్చిన ఉప్పులైతే కరుగుతాయి. గిన్నె పెచ్చు కరగదు. అది బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్, కాచినప్పుడు విడిపోయి కార్బొనేట్‌గా మారి అంటుకున్నది. దాని మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది. ఈ రెండు పరీక్షలూ ఇదే వరుసలో చేయాలి. చౌడులో చాకలిసోడా కూడా ఉండొచ్చు, అదీ నిమ్మరసానికి పొంగుతుంది కాబట్టి పొంగు ఒక్కటే చూసి తేల్చేయకూడదు. తాండూరు బండ మీద నిమ్మరసం పడిన చోట మెరుపు పోవడం, బాత్రూం యాసిడ్‌తో కడిగిన గచ్చు గరుకెక్కడం కూడా ఇదే చర్య. ఆ మచ్చను తుడిస్తే పోదు, పాలిష్ పట్టాలి. ఆమ్లం అక్కడి రాతినే తినేసింది మరి.

పాఠాల్లో రసాయనిక మార్పుకు గుర్తులుగా చెప్పేవి రంగు, వేడి, బుడగలు, వాసన. ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మలేం. తెల్లని జింక్ ఆక్సైడ్ వేడిచేస్తే పచ్చబడుతుంది, చల్లారితే తిరిగి తెల్లబడుతుంది, పదార్థం మారదు. పాత బల్బులో తీగ వెలుగూ వేడీ ఇస్తుంది, కాలిపోదు. మరిగే నీటి బుడగలు నీటి ఆవిరే. గ్యాస్ బండ లోపల ద్రవం మరిగి వాయువవుతుంది, ఎక్కువసేపు పెద్దమంట పెడితే బండ చల్లబడి పైన చెమ్మ కడుతుంది, అది భౌతికం. బర్నర్ దగ్గర అదే వాయువు మండితే రసాయనికం.

గీత మీద నిలబడేవీ ఉన్నాయి. ఉప్పు నీటిలో కరిగితే సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) విడిపోయి నీటి అణువులు వాటిని చుట్టుముడతాయి. స్ఫటికంలోని బంధం తెగిందని వాదించొచ్చు. నౌపడా, చినగంజాం ఉప్పుమళ్లలో లాగా నీరు ఎండితే అదే ఉప్పు దొరుకుతుంది గనుక దీన్ని భౌతిక మార్పుల్లో చేర్చడం వాడుక. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) సంగతి రసాయనిక మార్పు వైపు మొగ్గుతుంది. నీలి స్ఫటికాలను 250 డిగ్రీల దాకా వేడిచేస్తే బరువులో 36 శాతం నీరుగా పోయి తెల్లపొడి మిగులుతుంది. చుక్క నీరు వేస్తే వేడెక్కి మళ్లీ నీలమవుతుంది. ఎన్నిసార్లయినా తిప్పొచ్చు, అయినా దీన్ని రసాయనిక మార్పనే అంటారు, ఎందుకంటే రాగి అయానుకు అంటుకున్నవే మారాయి. ఇలాంటి చోట ఒకే జవాబు రాయమని పిల్లల్ని నిర్బంధించడం కంటే, ఏ కారణంతో ఎటు పెట్టారో రాయమనడం మేలు.

తరగతిలో త్రాసుతో చేయదగ్గ ప్రయోగం ఒకటి ఉంది. లీటరు ప్లాస్టిక్ సోడా సీసా తీసుకుని అందులో 40 మిల్లీలీటర్ల వెనిగర్ పోయాలి, 5 శాతం ఘాటుది. 2 గ్రాముల వంటసోడాను పలచని టిష్యూ కాగితంలో చుట్టి లోపల వేసి, వెంటనే మూత బిగించి తూచాలి. 0.1 గ్రాము దాకా చూపే త్రాసు కావాలి. కదిపితే పొంగుతుంది, సీసా బిగుసుకుంటుంది, తూకం మారదు. మూత మెల్లగా తీసి, సీసాను నాలుగైదుసార్లు నొక్కి వదిలి, లోపలి వాయువును బయటికి పంపి మళ్లీ తూస్తే గ్రాము దాకా తగ్గుతుంది. గాజు సీసా వాడకూడదు, సోడా మోతాదు పెంచకూడదు, ఒత్తిడికి పగలొచ్చు. దీనికి జోడుగా అదే సీసాలో ఉప్పు, నీరు కలిపి చూడాలి. మూత ఉన్నా తీసినా తూకం ఒకటే. అలాగని తూకం తగ్గినదల్లా రసాయనిక మార్పు అనుకుంటే పళ్లెంలో ఎండిన నీరు వెక్కిరిస్తుంది. పోయినదాన్ని పట్టి చూస్తే అక్కడ నీరే, ఇక్కడ సున్నపు తేటను పాలలా చేసే వాయువు.

సీసా మూతికి బెలూన్ తొడిగి ఈ ప్రయోగం చేయమని చాలాచోట్ల చెబుతారు. అలా చేస్తే ఏదీ బయటికి పోకపోయినా తూకం తగ్గి, పిల్లలకు తప్పుడు పాఠం అందుతుంది. ఉబ్బిన బెలూన్ తన పరిమాణమంత గాలిని పక్కకు నెడుతుంది, ఆ గాలి బరువు మేరకు తేలికైనట్టు త్రాసు చూపిస్తుంది. లీటరు గాలి దాదాపు 1.2 గ్రాములు. 2 గ్రాముల సోడా నుంచి వచ్చే అర లీటరు పైచిలుకు వాయువుకే అర గ్రాముకు పైగా ‘మాయమవుతుంది’. గట్టి మూత ఉన్న సీసాలో ఆ చిక్కు ఉండదు.